అడ్డపొగ పెద్దమ్మ

ఆవిడ పోయిందని ఫోనులో చెబుతుంటే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "నోరేనా?" అని.

అవతల మాట్లాడుతున్నది ఆవిడ కూతురు. తల్లి పోయిన మనిషిని అడగాల్సిన మాట కాదది. "అయ్యో" అనాలి, "ఎప్పుడు" అనాలి. కానీ ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. నేను అదే అడుగుతానని ముందే తెలిసినట్టు, "కాదు డాక్టరమ్మా, నోరు కాదు. మజ్జాన్నం సేపల కూర ఏసుకుని కడుపునిండా తిన్నాది. కాసేపు తొంగుంతానన్నాది. మరి లెగనేదు" అంది. నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. చావు కబురు విని ఇంత తేలికపడ్డ మనిషి ఇంకొకరు ఉంటారని నేననుకోను. ఏడుపు కూడా వచ్చింది గానీ, అది కాసేపటి తర్వాత.

నేను పళ్ళ డాక్టర్ని. ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక సందులో, మందుల కొట్టు మేడమీద నా క్లినిక్కు. మాది పద్మనాభం వైపు వ్యవసాయ కుటుంబం. వరి తప్ప ఇంకో ఊసు లేని ఇంట్లోంచి వచ్చి, చేపలు తప్ప ఇంకో ఊసు లేని పేటలో బోర్డు పెట్టాను. మొదట్లో నా దగ్గరికొచ్చే వాళ్ళందరిదీ ఒకటే మాట, "పీకీ." పన్ను నొప్పెడితే పీకించుకోవడం, నొప్పి లేకపోతే పళ్ళున్న సంగతే మర్చిపోవడం. ఈ రెండింటికీ మధ్యన శుభ్రం చేయించుకోవడం అనే పని ఒకటుందని చెబితే, పాపం బేరాల్లేక చెబుతోందని జాలిపడేవారు.

పెద్దమ్మ కూడా "పీకీ" అనే వచ్చింది. ఆవిడ పేరు రాయను. రాస్తే, "నా పళ్ళ గొడవ ఊరందరికీ సెప్తావేటి" అని ఎక్కడున్నా తిడుతుంది. నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆవిడ నన్ను పళ్ళమ్మా అనేది. ఆవిడ అన్నాక పేటంతా అదే ఖాయం చేసుకుంది. బోర్డు మీద నా పేరు, దాని వెనక ఉన్న డిగ్రీ ఎవరికీ అక్కర్లేకపోయింది.

పొడుగ్గా, సరివి కర్రలా ఉండేది. తలమీద చేపల గంప లేకపోయినా ఉన్నట్టే మెడ నిటారుగా పెట్టుకుని నడిచేది. మొదటిరోజు అలాగే మెట్లెక్కి వచ్చి, చీరకొంగు మూతికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. మొహం వాచిందేమో, సిగ్గుపడుతోందేమో అనుకున్నాను. నోరు తెరవమంటే తల అడ్డంగా ఊపింది. కొంగు తీయమన్నాను. తీసింది. మూసుకున్న పెదాల మధ్య నుంచి వేలెడు కూడా లేని చుట్ట ముక్క బయటికి కనిపిస్తోంది. ఆ కొసన నిప్పు లేదు. నిప్పు లోపలుంది.

అడ్డపొగ గురించి నేను కాలేజీలో చదువుకున్నాను. వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి లోపల్లోపలే పీలుస్తారు. మా పాఠంలో ఉన్న కాలిన అంగిళ్ళ బొమ్మలన్నీ మా ఉత్తరాంధ్ర ఆడవాళ్ళవే. సముద్రపు గాలికి చుట్ట ఆరదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి, పైగా ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. ఇన్ని సుఖాలున్న అలవాటుని మాన్పించడం ఎవరి తరం? అయినా పుస్తకంలో చూడటం వేరు, నిప్పు నోట్లో పెట్టుకున్న మనిషి నా కుర్చీలో కూర్చోవడం వేరు.

"అది తియ్యి పెద్దమ్మా, నోరు చూడాలి."

పెదవి ఓ పక్కనుంచి జవాబొచ్చింది. "తీత్తే ఆరిపోద్ది."

"ఆరిపోనీ."

"ఇప్పుడే ముట్టించినాను. బేగి సూసీ, అందాక పక్కనెట్టుకుంతాను."

అని చుట్ట తీసి, నేను అప్పుడే వేడినీళ్ళలోంచి తీసి సర్దుకున్న పరికరాల ట్రేలో, అద్దానికీ పట్టకారుకీ మధ్య జాగ్రత్తగా పడుకోబెట్టింది. నేను కేకేశాను. కోపమొస్తే నా నోటికి మా ఊరి మాటే వస్తుంది. "ఓలమ్మో, ఇది వంటిల్లనుకున్నావేటి!" అన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. "మనోళ్ళేనేటి నువ్వు" అని చుట్టని కిటికీ గట్టు మీదికి మార్చి, ఆ తర్వాత నోరు తెరిచింది. ఆ కిటికీ గట్టు చివరిదాకా ఆవిడ చుట్ట జాగా.

కింది పళ్ళు విడివిడిగా కనిపించలేదు. ముందూ వెనకా గార పట్టి, నల్లగా గోడ కట్టేసింది. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే రక్తం వస్తోంది. ఒక పన్ను కదులుతోంది. ఆవిడ పీకమంటున్నది దాన్నే.

"పన్ను తప్పేం లేదు పెద్దమ్మా. గార చిగురు కిందికి దిగిపోయింది. అందుకని చిగురు పన్నుని వదిలేస్తోంది. గార తీసేసి శుభ్రంగా ఉంచుకుంటే మళ్ళీ పట్టుకుంటుంది" అని అద్దం పెట్టి చూపించాను.

చాలాసేపు చూసుకుంది. "ఇదా? ఇదే కదేటి పళ్ళని పట్టుకున్నాది! ఇది తీసీసినావంటే మొత్తం రాలిపోతాయి. నీకు పుణ్యముంటాది, ఒగ్గీ."

ఇందులో ఆవిడని తప్పు పట్టడానికేం లేదు. కార్లలో వచ్చేవాళ్ళు కూడా క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయట కదండీ అని నన్ను నిలదీస్తారు. నేను నాకు తెలిసినట్టు చెప్పడం మొదలుపెట్టాను. తిన్నది పళ్ళ మొదట్లో పాచిలా పేరుకుంటుందనీ, రోజూ తోమకపోతే అది గట్టిపడి రాయవుతుందనీ, రాయయ్యాక బ్రష్షుకి లొంగదనీ, దాని గరుకు మీద ఇంకా ఇంకా పాచి పడుతుందనీ. ఆవిడ వింటూ వింటూ మధ్యలో ఆపింది.

"పడవ అడుగున గుల్లలు పట్టినట్టా?"

"అదే. అచ్చం అదే."

"మరి ముందే సెప్పొచ్చు కదేటి. గుల్లలు గీకకపోతే సెక్క పాడైపోద్ది. గీకీ."

ఇంత చక్కటి పోలిక నాకు ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదా అని మురిసిపోయాను. ఆ తర్వాత అది నా ప్రాణం మీదికి తెచ్చింది, ఆ సంగతి చెబుతాను.

రెండు విడతలుగా చేశాను, ముందు కింది వరస. గార తీసే యంత్రానికి సన్నటి వంకర ముక్కు ఉంటుంది. అది గీకదు, కంటికి కనపడనంత వేగంగా వణుకుతుంది. ఆ వణుకుకి గార పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ముక్కు వేడెక్కకుండా దాని కొసనుంచే నీళ్ళు చిమ్ముతుంటాయి, పెదవి పక్కన పెట్టిన గొట్టం ఆ నీళ్ళని లాగేస్తుంటుంది. నొప్పి పెద్దగా ఉండదు. జిల్లుమంటుంది, కుయ్యిమనే చప్పుడు తలలోకి ఎక్కుతుంది. ఇవన్నీ ముందే చెప్పాను, చెయ్యెత్తితే ఆపుతానని కూడా చెప్పాను. అదే నేను చేసిన పొరపాటు. నొప్పికి కాదు, కబుర్లకి ఎత్తింది చెయ్యి. "దోమ సెవిలో దూరినట్టున్నాది." చెయ్యి దించుతుంది, నేను మొదలుపెడతాను, మళ్ళీ చెయ్యి. "మీ పద్మనాభంలో సేపలెవులు తెత్తారు?" మళ్ళీ చెయ్యి. "నీ మొగుడేటి సేత్తాడు?" ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ అన్నాను. "అయితే ఇంట్లో ఉన్నప్పుడల్లా తొంగునే ఉంటాడు" అంది. నిజమే.

మొదట రక్తం వచ్చింది. గార పోయి చిగురు తేరుకుంటే అదే ఆగుతుందన్నాను. పళ్ళెంలో పడిన నల్లటి పెచ్చుల్ని ఆవిడ వేలితో తీసి, వెలుగులో పెట్టి, వాసన చూసి మొహం తిప్పేసుకుంది. "ఇంత కంపు ఏసుకుని బేరాలాడీసినానా!" అని, వాటిని పారేయకుండా కొంగున ముడేసుకుంది. ఒడ్డున అందరికీ చూపించాలట. చివర్లో గుండ్రటి బ్రష్షుతో, పేస్టుతో పళ్ళకి మెరుగు పెట్టాను. నాలికతో తడుముకుని చూసుకుని, "సబ్బెట్టి తోమిన గిన్నెలాగున్నాది" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా చివర్లో అదే మాట, మొదటిసారి అన్నంత ఆశ్చర్యంగా అనేది.

రెండో విడతలో పై వరస. పై పళ్ళ లోపలి వైపు చేయాలంటే తల బాగా వెనక్కి వాల్చాలి, అప్పుడు అంగిలి పూర్తిగా లైటు కిందికి వస్తుంది. మసి పట్టి నల్లగా ఉంది. పళ్ళు తెల్లబడ్డాక ఆ మసి మరీ అసహ్యంగా కనిపించి, తడిగుడ్డతో మెల్లగా తుడిచాను. కింద మందంగా, తెల్లగా, బీటలిచ్చిన చర్మం, అక్కడక్కడా ఎర్రచుక్కలు. అది అడ్డపొగ వాళ్ళకి ఉండేదే. కానీ లోపలగా ఎడమవైపు శనగగింజంత పుండు ఉంది. వేలు పెడితే అంచు గట్టిగా తగిలింది. అది మసి కింద ఎన్నాళ్ళుగా ఉందో తెలియదు. శుభ్రం చేయకపోతే నా కంటికీ పడేది కాదు.

గ్లవ్స్ తీసేసి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. పుండు ఉందనీ, చాలాసార్లు ఇలాంటివి మామూలు పుండ్లేననీ, కానీ కొన్నిసార్లు క్యాన్సరు ఇలాగే మొదలవుతుందనీ, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే గానీ ఏదీ చెప్పలేమనీ, చెడ్డదే అయినా ఇప్పుడే తెలిస్తే బతికించుకోవచ్చనీ చెప్పాను.

ఆవిడ కుర్చీ దిగిపోయింది.

"కత్తెట్టకు. మా అప్పకీ నోట్లో ఇలగే ఒచ్చింది. ఇలగే సెప్పినారు, ముక్క తీసినారు. కత్తి తగిల్నాక పాకిపోయింది. బుగ్గకి కన్నం పడిపోయి, గంజి కూడా దిగనేదు."

"కత్తి తగిలి కాదు పెద్దమ్మా. మీ అక్క అప్పటికే ఆలస్యంగా వెళ్ళుంటుంది."

"నువ్వు సూసినావేటి? నాను సూసినాను."

కిటికీ గట్టు మీద చుట్ట తీసుకుని, నిప్పు ఉందో లేదో ఊది చూసి, నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎన్ని కబుర్లు పంపినా రాలేదు. నేను పొద్దున్నే క్లినిక్కు తెరిచే ముందు హార్బరు వైపు వెళ్ళేదాన్ని. వంకకి చేపలు. నిజానికి ఆవిడ నోరు. బోట్లు చేరేచోట, వేలంపాట జరిగేచోట, ఐసు పెట్టెల మధ్య ఎక్కడో ఆవిడ గొంతు వినపడేది. నిప్పు నోట్లో ఉండగానే బేరమాడేది, తిట్టేది, నవ్వేది. నవ్వొస్తే మాత్రం కొంగు అడ్డం పెట్టుకునేది, చుట్ట జారిపోతుందని. నన్ను చూడగానే, "ఓలె, పళ్ళమ్మొచ్చింది, నోళ్ళు మూసుకోండే!" అని అందర్నీ హెచ్చరించేది. ఆ వెంటనే పక్కనున్న ఆవిడ్ని పట్టుకుని, చుట్ట తీసి, కింది పెదవి లాగి, "సూడు, మొన్నటేల నల్లగుండీవి. ఎండు సేప నమిలినా రగతం రాట్లేదు" అని చూపించేది. కదిలే పన్ను నిలబడిందట. నోటి కంపు పోయిందని మనవరాలు దగ్గరకొచ్చి పడుకుంటోందట. ఆవిడ మాట మీద ఆ పేట నుంచి ఎంతమంది వచ్చి గార తీయించుకున్నారో చెప్పలేను. అంత నమ్మకముంది నా చేతి మీద. ముక్క ఇవ్వడానికి మాత్రం లేదు.

నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికెళ్ళి మా ఆయన మీద అరిచేదాన్ని. నైట్ షిఫ్టు చేసొచ్చి నిద్రపోతున్న మనిషి, ఏ తప్పు చేశాడో తెలియక అటు తిరిగి పడుకునేవాడు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం కూతురు ఆవిడ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఈసారి నిజంగానే దవడ వాచింది. పెద్దమ్మ నా వైపు చూడటం లేదు. నోరు తెరిపించాను. కింది పళ్ళ మధ్య, ప్రతి సందులోనూ, గోధుమరంగు జిగురు ముద్ద కూరి ఉంది. దాని చుట్టూ చిగుళ్ళు కందిపోయి పొంగాయి. పట్టకారుతో లాగితే జిగురుతో పాటు దూది పోగు వచ్చింది.

"ఏంటిది?"

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. కూతురే చెప్పింది. "పడవ సందుల్లో కూరతారు కదండీ. దూదీ, గుగ్గిలం. మా సిన్నాన్న కాడ తెచ్చుకున్నాది."

గుల్లలు గీకి అడుగు శుభ్రం చేశాక చెక్కల మధ్య సందులు బయటపడతాయి. అప్పుడు గుగ్గిలం ముద్దలో తడిపిన దూదిని వాటిలో కూరతారు. కూరకుండా సముద్రంలోకి తోస్తే పడవలోకి నీరొస్తుంది. ఇది చెక్క పడవలున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన విషయమే. గార పోయాక ఆవిడ నాలికకి పళ్ళ మధ్య సందులు తగిలాయి. చల్లటి నీళ్ళు తాగితే జిల్లుమంది. నీరు లోపలికి దిగుతోందని ఆవిడ తేల్చేసుకుంది.

పెద్దమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "మరేటి! గుల్లలు గీకీసి సందులు కూరకుండా ఒగ్గీసినావు. పని సగంలో ఒగ్గీసేదానివి నువ్వు. మిగతాది నాను సేసుకున్నాను."

నాకు నవ్వు ఆగలేదు. పేషెంటు ముందు నవ్వకూడదు. తెలుసు. కూతురు కూడా మొహం గోడవైపు తిప్పుకుంది. వాచిన దవడతో పెద్దమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "నవ్వండి, నవ్వండి" అంది.

నవ్వు తగ్గాక చెప్పాను. పళ్ళ మధ్య ఆ జాగా ఎప్పుడూ ఉన్నదే, ఇన్నాళ్ళూ గార అందులో కూర్చుంది. గార పోయింది, వాచిన చిగురు వాపు తీసి సన్నబడింది, అందుకే సందు తెలుస్తోంది. జిల్లుమనడం కొన్నాళ్ళకి తగ్గిపోతుంది. "పడవకి చిగుళ్ళుండవు పెద్దమ్మా. నీకున్నాయి. వాటిని బతకనివ్వు." గుగ్గిలం అంత తేలిగ్గా రాలేదు. ఒక్కో పోగూ లాగి, గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో కడిగి, మళ్ళీ లాగి, అలా చాలాసేపు పట్టింది. ఈసారి ఆవిడ కబుర్లకి చెయ్యెత్తలేదు.

పని అయ్యాక, అడక్కుండానే అంగిలి తుడిచి చూశాను. పుండు తగ్గలేదు. అంచు ఇంకొంచెం పాకినట్టనిపించింది. నవ్వంతా ఎటు పోయిందో తెలియదు. అద్దం కింద పెట్టేసి స్టూలు మీద కూర్చుండిపోయాను.

"ఏటైంది?" అంది.

"భయమేస్తాంది పెద్దమ్మా."

నేను డాక్టరులా మాట్లాడలేదు. మా అమ్మతో అన్నట్టు అనేశాను.

"నీకెందుకు భయం? నోరు నాది."

"నాదైతే ఎప్పుడో ముక్క తీయించుకుందును. నీది కాబట్టి ఇలా కూకున్నాను. రేపు నీకు గంజి దిగకపోతే, ఆ రోజు తెలిసి కూడా ఊరుకున్నానని నాను బతికినన్నాళ్ళూ ఏడవాల."

కూతురు అప్పటికే ఏడుస్తోంది. పెద్దమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. కొంగుతో వాచిన దవడ అదుముకుంది.

"తీసీ. కానీ ఏటొచ్చినా ముందు నాకే సెప్పాల. దీనికి సెప్పకూడదు. ఇది ఏడిసి నా బేరాలు పాడు సేసీద్ది."

చిగుళ్ళ వాపు తగ్గాక, మత్తు ఇంజక్షను ఇచ్చి, ముక్క తీసి, కుట్టేశాను. సీసాలో ఉన్నదాన్ని చూపించమంది. చూసి, "రొయ్య కన్నంత నేదు" అంది. వాళ్ళ అక్క గుర్తొచ్చిందని నాకు తెలిసింది.

రిపోర్టు రావడానికి వారం పడుతుంది. ఆ వారం నేను ఎవరి పళ్ళు ఎలా చూశానో నాకు తెలియదు. వచ్చిన రోజు పొద్దున్నే హార్బరుకి పరిగెత్తాను. బోట్లు అప్పుడే వచ్చాయి, పాట నడుస్తోంది. ఆవిడ నన్ను చూసింది. చుట్ట నోట్లోనే ఉంది. నేను నోరు తెరవబోతే అరచెయ్యి చూపించి ఆపింది.

"మంచి కబురైనా ఆగుద్ది, సెడ్డ కబురైనా ఆగుద్ది. సేప ఆగదు. నిలబడు."

నిలబడ్డాను. చెప్పుల్లోకి ఐసు నీళ్ళు వచ్చాయి. చెబుదామంటే చెప్పనివ్వదు. ఒక గంప అమ్మింది. ఇంకోటి మొదలుపెట్టింది. ఎప్పుడూ లేనిది, అవతలివాడు అడిగిన మొదటి ధరకే తలూపేసింది. అప్పుడు అర్థమైంది. వినడం ఆలస్యం చేసుకుంటోంది, అంతే. ఇంక అమ్మడానికి ఏమీ మిగలనప్పుడు వచ్చి, బోర్లించిన ప్లాస్టిక్ పెట్టె మీద కూర్చుని, చుట్ట తీసి చేత్తో పట్టుకుని, "సెప్పు" అంది.

"క్యాన్సరు కాదు పెద్దమ్మా."

"మల్లీ సెప్పు."

"కాదు. క్యాన్సరు కాదు. ఇది మానే పుండే."

కొంగు మొహమ్మీదికి లాక్కుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. పక్కవాళ్ళు పరిగెత్తుకొచ్చారు, ఏం చావు కబురు తెచ్చానో అని నావైపు చూశారు. కాసేపటికి కొంగు తీసి, ఎర్రటి కళ్ళతో నామీద విరుచుకుపడింది.

"ఆ ముక్క రోడ్డు మీంచే కేకెయ్యలేవేటి? ఇంతసేపు నా పేణం తోడీసినావు!"

"నువ్వే కదా ఆగమన్నావు!"

"నాను ఆగమంటే ఆగిపోతావేటి!"

ఇద్దరం ఏడుస్తూ నవ్వాం. అంత పొద్దున్నే, అంత చేపల కంపులో, నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ నిలబడలేదు.

ఊరికే వదల్లేదు. ఈసారికి కాదు, నిప్పు ఇలాగే లోపల పెట్టుకుంటే వచ్చేసారి సంగతి చెప్పలేనన్నాను. ఆలోచించి, "అయితే నిప్పు బయటెట్టుకుంతాను, మగోల్లలాగ" అంది. అలా తాగినా చేటేనని చెప్పాను, వినలేదు. నిప్పు బయటికి పెట్టుకుని ఒడ్డున తిరుగుతుంటే ఆడవాళ్ళందరూ పడీపడీ నవ్వారట. నవ్వులకి ఆవిడ జంకే రకం కాదు. సముద్రపు గాలి దగ్గరే ఓడిపోయింది. క్లినిక్కుకి వచ్చి నా దగ్గర మొరపెట్టుకుంది. "ఎలిగిత్తాను, ఆరిపోద్ది. మల్లీ ఎలిగిత్తాను, ఆరిపోద్ది. అగ్గిపుల్లలు గీసుకోడానికే పొద్దు సరిపోతాంది, సేపలెప్పుడమ్మాల?" ఆ విసుగుతోనే ముందు తగ్గించింది, ఆ పైన మానేసింది. నా హితబోధ వల్ల ఒక్క చుట్ట కూడా తగ్గలేదని నాకు తెలుసు. అందుకు నాకేమీ బాధ లేదు.

ఆ తర్వాత ఏటా రెండుసార్లు వచ్చేది. వేట నిషేధం రోజుల్లో, పడవలన్నీ ఒడ్డునే ఉండి అడుగు గీకించుకుంటుంటే ఒకసారి. చలి మొదలయ్యాక ఇంకోసారి. గార ఇప్పుడు కొంచెమే ఉండేది, కాసేపట్లో అయిపోయేది. అసలు పని ఆ తర్వాత. తల వెనక్కి వాల్చి, అంగిలి తుడిచి, లైటు దగ్గరికి లాగి చూసేదాన్ని. పుండు మానిపోయింది, తెల్లటి మందం ఏటికేడు పల్చబడి కింద గులాబీ రంగు బయటపడుతోంది. చూస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టేదాన్ని, కుర్చీలో ఆవిడా బిగబట్టేది. "బాగుంది పెద్దమ్మా" అనగానే ఇద్దరం ఒక్కసారే వదిలేవాళ్ళం. అయినా ఆవిడ మెట్లు దిగి వెళ్ళాక నాలో భయం మళ్ళీ మొదలయ్యేది. అన్నేళ్ళు కాలిన చర్మాన్ని పూర్తిగా నమ్మలేం. ఈసారికి కాదు, అంతే. ఫోనులో "నోరేనా" అని అడిగింది ఆ భయమే.

పెద్దకార్యం రోజున వెళ్ళాను. ఇంటి ముందు టెంటు, కుర్చీలు. ఆవిడ ఫొటో పెద్దది చేయించి పెట్టారు. ఎవరో సెల్‌ఫోనులో తీసిందే, కొంగు అడ్డం లేకుండా పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. అన్నీ సొంత పళ్ళు. ఫొటో ముందు విస్తరేసి, ఆవిడకి ఇష్టమైనవి ఒక్కొక్కటే వడ్డిస్తున్నారు. అన్నం, వంజరం పులుసు, ఎండు చేపల వేపుడు, గ్లాసుతో టీ. ఆవిడ మరిది, పడవలు బాగుచేసే ఆయన, జేబులోంచి చుట్ట తీశాడు. కూతురు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఒద్దు సిన్నాన్నా. అమ్మ ఒగ్గీసింది కదా."

"ఒగ్గీసినా ఇష్టం పోద్దేటి? ఇష్టమైంది ఎట్టకపోతే ఎలగ?"

ముసలమ్మలు తలో మాటా అన్నారు. పెట్టాలని కొందరు, అంత కష్టపడి మానిన మనిషికి ఇప్పుడెందుకని కొందరు. చివరికి అందరూ నావైపు తిరిగారు. కూతురు అడిగింది. "డాక్టరమ్మా, మీరు సెప్పండి. ఎట్టొచ్చా?"

"పెట్టండి" అన్నాను.

ఆయన చుట్ట ముట్టించి, ఆరకుండా రెండు దమ్ములు లాగి, ఫొటో ముందు వంగాడు. వంగినవాడు అలాగే ఆగిపోయి నాకేసి చూశాడు.

"నిప్పు ఎటేపు ఎట్టాలమ్మా? ఇటా, ఒదిన ఏపా?"

నేను ఫొటోలో ఆ నోటిని చూశాను. అద్దం పెట్టి, గుడ్డతో తుడిచి, ఊపిరి బిగబట్టి నేను అన్నేళ్ళు వెతికిన నోరది. ఇంక అందులో వెతకాల్సిందేమీ లేదు.

"పెద్దమ్మ వైపే పెట్టు బాబూ" అన్నాను. "ఇంకేటీ అవదు."